పడిగె అంచు

సూదిలోకి దారం మూడోసారికి గాని ఎక్కలేదు. రజాక్ దారం కొసను నాలుకతో తడిపి, వేళ్ళ మధ్య నలిపి, సూదిని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మళ్ళీ గురి చూశాడు. ఎడమ కంటిలో శుక్లం ముదిరింది. కుడి కన్ను కూడా అదే దారి పట్టిందని కొత్తగూడెంలో కళ్ళద్దాల షాపువాడు చెబితే, "జూద్దాం తీ" అని లేచి వచ్చేశాడు. కళ్ళు మొరాయించినా వేళ్ళు పని చేస్తాయని అతని ధీమా. ఆ ధీమాలో కొంత నిజం కూడా ఉంది.

ఒళ్ళో ఉన్నది బర్మా పట్టు లుంగీ. పురుగు కొట్టిన చోట బఠాణీ గింజంత చిల్లి. మడత లోపల ఎవరికీ కనిపించని అంచులోంచి నాలుగు పోగులు లాగి పక్కన పెట్టుకున్నాడు. ఆ పోగులనే సూదితో చిల్లి మీదికి తెచ్చి, ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి, మగ్గం మీద నేసినట్టే నేస్తున్నాడు. ఎడమ చేతి బొటనవేలి గోరు మాత్రం పెంచుకున్నాడు. వేసిన పోగునల్లా ఆ గోటితో పక్క పోగుకు ఆనించి నొక్కుతాడు. సన్నటి మనిషి, వంగిన మెడ, పొట్టిగా కత్తిరించిన తెల్లగడ్డం. బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళు దిగిపోయాక ఆ మొహాన్ని గుర్తుపట్టలేరు.

అతను కూర్చున్నది భద్రాచలంలో డాక్టర్ ప్రభుదాస్ ఇంటి మేడమీది గది. కింద ఆసుపత్రి, పైన డాక్టర్ గారి పిచ్చి. పిచ్చి అన్నది ఊరివాళ్ళ మాట. నేపాల్ నుంచి కోరలున్న చెక్క ముఖాలు, సింహళం నుంచి నెత్తిన పాములు చుట్టుకున్న ముఖాలు, జావా నుంచి కళ్ళు సగం మూసుకున్న ముఖాలు, బస్తరు నుంచి ఎలుగుబంటి వెంట్రుకలు అతికించిన ముఖాలు గోడల నిండా ఉండేవి. బీరువాల్లో చీనా గిన్నెలు, పెట్టెల్లో గుడ్డలు. గోదావరి పొంగి మూడో హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఊరంతా సామాను మేడలెక్కిస్తుంటే డాక్టర్ గారు నిమ్మళంగా టీ తాగేవాడు. ఆయన సామానంతా ముందే మేడమీద ఉంది, కింద తేలేవి రోగుల బల్లలు మాత్రమే.

ఇప్పుడు గోడల మీద మేకులు మిగిలాయి. డాక్టర్ గారి మోకాళ్ళు మెట్లెక్కనీయడం లేదు. తను ఎక్కి చూడలేని వస్తువులు ఎవరికోసమని ఆలోచించి, అన్నిటినీ హైదరాబాదులో ఒక మ్యూజియానికి ఇచ్చేస్తున్నాడు. ముఖాలన్నీ కాగితాల్లో చుట్టి అట్టపెట్టెల్లోకి చేరాయి. సాయంత్రానికి లారీ వస్తుంది. దాని వెంట నిర్మలాదేవి అనే మ్యూజియం అధికారి వస్తుంది. పాత గుడ్డలు బాగుచేసే మనిషి ఆమెకు కావాలట.

"నీ గురించి జెప్పిన రజాక్," అన్నాడు డాక్టర్ గారు నిన్న. "పడిగె జూపిస్త. అది జూసినంక ఆమె ఇంక మాట్లాడదు. నెల జీతం, ఉండనీకి రూము."

రజాక్ తల ఊపాడు గాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్తగూడెం బజారులో చినుగులు కనిపించకుండా నేసే తండ్రి నాటి రఫూ దుకాణం మూసేసి చాలా ఏళ్ళయింది. ఒకప్పుడు పెళ్ళి షేర్వాణీలు, బొగ్గుగనుల ఆఫీసర్ల ఉన్ని కోట్లు, పోలీసుల ఖాకీలు వరస కట్టేవి. ఇప్పుడు చినిగితే పారేసి కొత్తది కొంటున్నారు. ఆ బేరాలున్న రోజుల్లోనూ అతనికి పేరు రాలేదు. రఫూ చేయించుకున్న కోటు వేసుకుని ఎవడూ ఆ సంగతి చెప్పుకోడు, మంచి రఫూ అయితే ఎవరికీ కనిపించదు కూడా. ముప్పై ఏళ్ళ పనితనం ఊళ్ళో తిరుగుతూనే ఊరికి తెలియకుండా ఉండిపోయింది. మిగిలిన ఒకే ఒక్క గిరాకీ డాక్టర్ గారు, ఆ గిరాకీ ఈ సాయంత్రంతో సరి. పాల్వంచలో కూతురు షీరీన్ "మా ఇంటికొచ్చేయ్ అబ్బా" అంటూనే ఉంది. అల్లుడు మంచివాడే. కానీ పని లేని మనిషి ఇంట్లో ఏ మూల కూర్చోవాలో రజాక్‌కు తెలియదు, ఆ భయం అతనికి చావు భయం కన్నా పెద్దది.

అందుకే పడిగె మీద అంత ఆశ. అది కోయల గుడ్డ. ఎర్రమట్టి రంగు నేత మీద పసుపు, తెలుపు, నలుపు గుడ్డముక్కలను మనుషులుగా, గుర్రాలుగా, సూర్యచంద్రులుగా కత్తిరించి కుట్టిన పొడుగాటి జెండా. ఒక వంశం కథంతా అందులో ఉంటుంది, దాన్ని కట్టి డోలు కొట్టి పాడేవాళ్ళుంటారు, వాళ్ళను డోలీలంటారు. చర్ల వైపు నుంచి జోగయ్య అనే డోలి మనిషి దాన్ని డాక్టర్ గారికి ఇచ్చినప్పుడు కింది అంచున ఏడు చోట్ల చినిగి ఉంది. రజాక్ ఆ ఏడింటినీ మూశాడు. వానాకాలమంతా దాని మీదే కూర్చున్నాడు. జీవితంలో అంత బాగా ఇంకేదీ చేయలేదని అతనికి తెలుసు.

డాక్టర్ గారికి అదొక ఆట అయిపోయింది. అతిథులెవరొచ్చినా చేతికి భూతద్దమిచ్చి, "చినుగు ఏడుందో జెప్పండి" అనేవాడు. ఎవరికీ దొరికేది కాదు. రజాక్ తలుపు దగ్గర వినీవిననట్టు నిలబడేవాడు. ఆ రాత్రి ఇంట్లో ఒక రొట్టె ఎక్కువ తినేవాడు. "ఏంది, ఇయ్యాల గూడ ఎవ్వరికి దొరకలేదా?" అని భార్య ఖాజాబీ ఆటపట్టించేది.

ఖాజాబీ కరోనాలో పోయింది. ఆస్పత్రి లోపలికి తీసుకెళ్ళిన మనిషిని మళ్ళీ చూపించలేదు. ముఖం లేని డ్రెస్సుల వాళ్ళెవరో మట్టి చేశారు. మూడోనాడు ఫాతెహా చదవడానికి ఇంటికి ఎవరూ రాలేదు, రాగూడని రోజులవి. బస్సులు తిరగడం మొదలైన రోజునే రజాక్ టిఫిన్ డబ్బా పట్టుకుని భద్రాచలం వచ్చేశాడు. ఎలా ఉన్నావని అడిగితే బాగున్నానన్నాడు.

బర్మా లుంగీ చిల్లి మూసుకునేసరికి ఎండ కిటికీ గడప దాటింది. కింద నుంచి డాక్టర్ గారి కేక వినిపించింది.

"రజాక్, జోగయ్య తమ్ముడు బొజ్జయ్య వచ్చిండు. పైకి పంపుతున్న. పడిగె చుట్టకముందే ఒకసారి సూపియ్యి. పాపం, జోగయ్య పోయిండట. నేను కొత్తగూడెం దాక ఎదురుపోయి మేడంను తీసుకొస్త, లారోనికి దారి తెల్వదు."

కారు వెళ్ళిన చప్పుడు. ఆ తర్వాత మెట్ల మీద ఒట్టి పాదాల చప్పుడు.

బొజ్జయ్య యాభై దాటినవాడు, మోకాళ్ళ దాకా ఎత్తికట్టిన లుంగీ, భుజాన తువ్వాలు. జామాయిల్ తోటల్లో చెట్లు కొట్టే పని వల్ల అరచేతులు బెరడు కట్టాయి. గది మధ్య నిలబడి అట్టపెట్టెలన్నిటినీ ఒకసారి చూశాడు.

"మీ అన్న మంచోడు," అన్నాడు రజాక్. "ఎప్పుడు పోయిండు?"

"పోయిన అమాసకు. దినాలు చెయ్యాలె. అందుకే వస్తి."

రజాక్ పడిగెను తెల్ల దుప్పటి పరిచిన బల్ల మీద విప్పాడు. బల్ల చాలక రెండు కొసలూ కిందికి వేలాడాయి. బొజ్జయ్య మొదట ఒక గుర్రం మీద చేయి పెట్టి, ఆ చేతిని కళ్ళకద్దుకున్నాడు. బొమ్మలేవీ చూడలేదు. నేరుగా కింది అంచు పట్టుకుని, జొన్నగింజలు ఏరుతున్నవాడిలా రెండు వేళ్ళ మధ్య జరుపుకుంటూ ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళాడు. మళ్ళీ వెనక్కి వచ్చాడు. గుడ్డ తిరగేసి మరోసారి వెతికాడు.

"ఇది మాది కాదు సాయిబూ."

"మీదే."

"కాదు. మాదాంట్ల పెద్దోళ్ళుంటరు. ఈడ, అంచుకు. ఏడుగురు."

ఏడు అన్న మాటకు రజాక్ వేలు అంచు మీదికి వెళ్ళింది.

బొజ్జయ్య నేల మీద కూర్చుని, ఎవరితోనూ కాకుండా తనలో తను చెప్పుకున్నట్టు చెప్పాడు. వాళ్ళ ఇంటి ఆచారమది. పడిగె పట్టి పాడినవాడు చనిపోతే, దినాల ముందు తమ్ముడో కొడుకో వచ్చి అంచును వేలెడంత చేత్తో చింపుతాడు. చింపుతూ పోయినవాడి పేరు చెబుతాడు. "చింపితేనే లోపలికి పోతడు. లేకుంటే బయటనే తిరుగుతడు," అన్నాడు. జోగయ్యకు టీబీ నయం చేసింది డాక్టర్ గారే. వెనక పాడేవాడు లేడని పడిగెను ఆయన చేతిలో పెట్టి, తన తర్వాత తమ్ముడొస్తాడని చెప్పి వచ్చాడట.

"పాట నేర్చుకోరా అని అన్న ఎంత మొత్తుకున్నా నేను ఇనలే. కూలికి పోయిన. ఈ ఒక్క పనన్న జేద్దామని వస్తి. గుడ్డ మార్చిండ్రు. మాది ఎటు పోయిందో ఏమో."

అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని లేచాడు.

"ఇంటికి పోయి అన్నకేం జెప్పాలె?" అని గోడనడిగినట్టు అడిగి, తలుపు వైపు నడిచాడు.

రజాక్ కదలలేదు. మాట్లాడకుండా ఉంటే చాలు. ఆ రఫూ ఎక్కడుందో ఈ లోకంలో అతనికొక్కడికే తెలుసు. బొజ్జయ్య వెళ్ళిపోతాడు, మేడం వస్తుంది, భూతద్దం పట్టి వెతుకుతుంది, దొరకదు. నెల జీతం, ఉండడానికి గది. షీరీన్ ఇంట్లో ఏ మూలా వెతుక్కోనక్కర లేదు. ఇదంతా అతని బుర్రలో తిరిగింది, తిరగలేదంటే అబద్ధం. బొజ్జయ్య మొదటి మెట్టు దిగిన చప్పుడు విన్నాడు, రెండోది విన్నాడు.

"ఆగు," అన్నాడు.

బొజ్జయ్య వెనక్కి తిరిగాడు.

"మీదే అది. చినుగులు నేనే మూసిన."

బొజ్జయ్యకు అర్థం కాలేదు. గుడ్డ వైపు, రజాక్ వేళ్ళ వైపు చూశాడు.

"చినిగిపోయింది గదా అనుకున్న," అన్నాడు రజాక్. "నా పని గదే గదా. మూసిన."

"ఏడుగురినా?"

"అవ్. ఏడుగురిని."

బొజ్జయ్య ఏడు వేళ్ళు ముడుచుకుని లెక్కపెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. "మళ్ళ తెరవనొస్తదా?" అనడిగాడు.

తెరవడం మూయడం కన్నా కష్టమైంది. కళ్ళకు ఏమీ కనిపించలేదు. రజాక్ కళ్ళు మూసుకుని బొటనవేలి గోటిని అంచు మీద నడిపించాడు. రెండు సార్లు దాటిపోయి, మూడోసారికి పట్టుకున్నాడు. నేత అక్కడ వెంట్రుకవాసి బిగువుగా ఉంది. సూదిమొనతో ఒక పోగు లేపాడు. అది వస్తే రెండోది వచ్చింది. గుడ్డకు నొప్పి కలగకుండా తీయాలని అతని తాపత్రయం. తీస్తున్నది తను చేసిన వాటిలోకెల్లా మంచి పని అని గుర్తొచ్చినప్పుడు మాత్రం సూది పక్కన పెట్టాడు. ఒక్క నిమిషం ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ కూర్చున్నాడు.

మొదటి చినుగు నోరు తెరిచింది.

"ఇడుమయ్య," అన్నాడు బొజ్జయ్య.

రజాక్ తలెత్తి చూశాడు.

"పాట రాదు గని పేర్లొస్తయి. అన్న పొద్దున లేస్తే అయే చదివేటోడు."

ఆ తర్వాత ఒక్కొక్కటీ తెరుచుకుంటుంటే బొజ్జయ్య ఒక్కొక్క పేరూ చెప్పాడు. కొన్ని పేర్లకు ముందు కొంచెం తడుముకున్నాడు. రెండు పేర్లు తారుమారు చేసి, నాలుక కరుచుకుని, మళ్ళీ సరిగ్గా చెప్పాడు. ఎండ బల్ల మీది నుంచి నేల మీదికి దిగింది. రజాక్ తెచ్చుకున్న రొట్టెలు ఇద్దరూ చెరి సగం తిన్నారు, వాటిలోకి తెచ్చిన పుల్లటి టమాట ఖట్టా బాగుందన్నాడు బొజ్జయ్య. ఏడో చినుగు తెరిచేసరికి రజాక్ మెడ పట్టేసింది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అవి ఏడుపు నీళ్ళు కావు, శుక్లం నీళ్ళు.

ఎనిమిదోది బొజ్జయ్య వంతు. అంచు రెండువైపులా పట్టుకుని లాగాడు. చెట్లు కొట్టే చేతులకు పాత నూలు లొంగలేదు. అంచు మడత గట్టిది. రజాక్ చేయి తనకు తెలియకుండానే అడ్డు వెళ్ళింది. గుడ్డ చినగబోతుంటే ఆపడం ఆ చేతికి అలవాటు. దాన్ని వెనక్కి తీసుకుని, గోటితో అంచు కుట్టు ఒక్కటి వదులు చేసి, ఒకవైపు బిగించి పట్టుకున్నాడు.

"ఇప్పుడు గుంజు."

"జోగయ్యా," అని బొజ్జయ్య లాగాడు.

గుడ్డ చిరిగిన చప్పుడు గదంతా వినిపించింది. ఇన్నేళ్ళూ రజాక్ చినుగులన్నిటి దగ్గరికీ అంతా అయిపోయాకే వెళ్ళాడు. మేకుకు పట్టినవి, కత్తి దిగినవి, ఎలుక కొట్టినవి, అన్నీ చప్పుడు ఆరిపోయాకే అతని ఒళ్ళోకి వచ్చాయి. ఒక మనిషి పేరు పెట్టి పిలుస్తుంటే గుడ్డ చినగడం అతను ఎప్పుడూ వినలేదు. బల్ల మీద మోచేతులు ఆనించి, మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. వెక్కి వెక్కి, చిన్నపిల్లవాడిలా, సిగ్గు లేకుండా ఏడ్చాడు.

బొజ్జయ్య ఆపే ప్రయత్నం చేయలేదు. ఏడుపు దానంతటదే తగ్గాక అడిగాడు.

"నీకెవరు పోయిండ్రు?"

"నా ఇల్లాలు."

"పేరు?"

"ఖాజాబీ."

ఆ పేరు గట్టిగా అని ఎంత కాలమైందో. ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి పిలిచే అవసరం రాలేదు, షీరీన్ అమ్మీ అంటుంది. బొజ్జయ్య తల ఊపి, "ఖాజాబీ" అని తనూ ఒకసారి అన్నాడు. చర్ల బస్సు వేళ కావడంతో లేచాడు. పోతూ పోతూ రజాక్ భుజం మీద చేయి వేశాడు.

"పడిగె పట్నం పోతది గదా," అన్నాడు రజాక్. "నీకేమనిపిస్తలేదా?"

"ఏడికి పోతే ఏంది? మావోళ్ళందరు అండ్లనే ఉన్నరు గదా ఇగ. పోతున్న సాయిబూ."

అతను మెట్లు దిగి వెళ్ళాడు. వెలుతురు ఇంకా ఉంది. రజాక్ కావాలనుకుంటే లారీ వచ్చేలోగా ఒకటి రెండు మూయొచ్చు, మేడంకు చూపించడానికి ఒక్కటి చాలు. ఆ ఆలోచన వచ్చింది, వచ్చిన దారినే వెళ్ళింది. సూదిని డబ్బాలో పెట్టి మూత వేశాడు. పడిగె ముడతలు అరచేత్తో సాపు చేసి, అంచు పైకి కనిపించేలా పరిచాడు.

నిర్మలాదేవి ముందు మెట్లెక్కింది. కళ్ళజోడు, నూలు చీర, మాటతీరులో మర్యాద ఉన్న మనిషి. వెనక డాక్టర్ గారు గోడ పట్టుకుని, మోకాళ్ళను తిట్టుకుంటూ, అప్పుడే భూతద్దం జేబులోంచి తీస్తూ వచ్చాడు.

"ఇగో మేడం, చినుగు ఏడుందో మీరే..." అంటూనే ఆగిపోయాడు. "రజాక్! ఏందిది?"

నిర్మలాదేవి వంగి అంచు చూసింది. వేలితో ఒక చినుగును తాకింది, పక్క దాన్ని తాకింది.

"మీరు చెప్పిన రఫూ ఇదేనా డాక్టర్ గారూ?"

డాక్టర్ గారు భూతద్దం మళ్ళీ జేబులో వేసుకున్నాడు. రజాక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"కాదు మేడం," అన్నాడు. "అండ్ల నేను జేసింది ఏం లేదు."

ఆమె అతని ఎర్రబడ్డ కళ్ళను, శుక్లం పట్టిన కంటిని చూసింది. "సరేనండీ, అవసరమైతే కబురు చేస్తాం," అంది మృదువుగా. ఆ మృదుత్వానికి అర్థం గదిలో ముగ్గురికీ తెలుసు. ఆమె చీనా గిన్నెల బీరువా వైపు వెళ్ళింది.

డాక్టర్ గారు బల్ల దగ్గరకు వచ్చి, అంచు మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్ళాడు. చివరి చినుగు దగ్గర పోగులు ఇంకా మాయకుండా, పచ్చిగా ఉన్నాయి. అది ఎనిమిదోది, అక్కడ వేలు ఆగింది.

"జోగయ్య ఇచ్చిననాడు అన్నడు," అన్నాడు. "నేను పోయినంక మా తమ్ముడొస్తడు సారూ, రానియ్యుండ్రి అని. చూసిపోనీకి అనుకున్న నేను." వేలు ఆనించిన చినుగును చూపించాడు. "ఇది జోగయ్యదేనా?"

"అవ్ సార్."

డాక్టర్ గారు ఆ చినుగు మీద అరచేయి పెట్టి, నాడి చూస్తున్నట్టు కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత కూలీలను పిలిచి, "జాగ్రత్తగ మడవండి. ఎట్లుందో గట్లనే," అన్నాడు.

లారీ వెళ్ళేసరికి పొద్దు గుంకింది. రజాక్ ఖాళీ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని, వరండాలో కూర్చున్న డాక్టర్ గారికి సలాం చేశాడు.

"రేపు..." అన్నాడు డాక్టర్ గారు అలవాటు కొద్దీ, రేపు ఏముందో తోచక ఆగాడు.

"షీరీన్ తాన ఉంట సార్. ఆపరేషన్ జేయించుకుంట," అన్నాడు రజాక్. గేటు మూసి, గొళ్ళెం పడిందో లేదో వేలితో తడిమి చూసుకుని, కొత్తగూడెం బస్సు కోసం రోడ్డెక్కాడు.

మేడమీది గదిలో దీపం వేసేవాళ్ళు లేరు. కిటికీ దగ్గరి బల్ల మీద, తెల్ల దుప్పటి మీద, పీకేసిన దారాలు ఏడు చిటికెడు కుప్పలుగా ఉండిపోయాయి, గుడ్డలోంచి బయటికొచ్చి ఒక పూట గడిచినా ఒక్కో పోగూ పైకీ కిందికీ తిరిగిన వంపులతోనే ఉంది.